కాలికి దారం కట్టిన పుంజు

గద్వాలలో మా అత్తవారిల్లు మగ్గం ఇల్లు. గడప దాటగానే ముందు గుంట మగ్గమే ఎదురవుతుంది, మనుషులు ఆ తర్వాత. అలాంటి ఇంట్లో కోళ్లను పెంచుదామని పెళ్లైన కొత్తలో నోరు జారి ఒక మాట అన్నాను. మా అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పట్టుపోగు మీద కోడి కాలు పడితే నువ్వు అతుకుతవా?" అంది. నేను గోపాల్‌పేట దగ్గరి పల్లెలో కోళ్ల వెంట తిరుగుతూ పెరిగినదాన్ని. తెల్లవారగానే గంప ఎత్తడం, నూకలు చల్లడం, పొద్దుగూకే వేళ అన్నీ వచ్చాయో లేదో చూసుకుని మళ్లీ గంప కింద కమ్మడం, ఈ పనులు లేని ఇల్లు నాకు చాలాకాలం చుట్టపుచూపుగా వచ్చిన ఇల్లులాగే ఉండింది.

చివరికి ఆ ఇంట్లో కోడిని నిలబెట్టింది నేను కాదు, నా బిడ్డ. మా అమ్మ ఒకసారి మమ్మల్ని చూడటానికి వస్తూ బస్సులో ఒక పెట్టను తెచ్చింది. అల్లుడికి కూర వండి పెట్టాలని ఆమె ఆశ. నా కూతురిని అప్పుడప్పుడే బడిలో వేశాం. పెట్టను పెరట్లో గంప కింద కమ్మితే, నా బిడ్డ ఆ గంపకు ఆనుకుని కూర్చుంది. లెమ్మంటే లేవదు. బువ్వ తినమంటే అక్కడికే తెమ్మంది. మర్నాడు పొద్దున గంప ఎత్తి చూస్తే లోపల గుడ్డు. మా అత్తమ్మ ఎంత కటువైన మనిషైనా గుడ్లు పెట్టే కోడిని కోయనివ్వదు. "సరే, ఈ గుడ్లు అయిపోనీ" అంది. మా ఆయన ఆ పూట పప్పుతోనే తిన్నాడు.

గుడ్లు అయిపోయాయి, పెట్ట పొదుగుకు వచ్చింది. పొదుగుకు వచ్చిన కోడిని ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేస్తారు. ఈకలు ఉబ్బించుకుని, తిండి మాట మరిచి, దగ్గరికి పోతే గుర్రుమంటూ ఒక్కచోటే కూర్చుంటుంది. మాది కూర్చున్నది మరెక్కడో కాదు, సరిగ్గా మగ్గం గుంటలో, మా ఆయన కాళ్లు పెట్టే చోట. ఆయన తొక్కుడు చెక్క తొక్కినప్పుడల్లా పిక్క మీద పొడిచేది. వీధిలో పడుగు పోగులు సాగదీసే రోజున కూడా అన్ని తిట్లు వినలేదు నేను. నా బిడ్డ మాత్రం గుంట ఒడ్డున కూర్చుని, "నాయినా, జర మెల్లగ తొక్కు, దానికి దడుసు పుడుతది" అని వాళ్ల నాన్నకే బుద్ధి చెప్పింది.

ఇక చేసేది లేక అత్తమ్మే కొంగు బిగించింది. పాత గంపలో ఇసుక పోసి, ఊక పరిచి, గుడ్లు పేర్చి, పెట్టను దాని మీదికి మార్చింది. పక్కన ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు పెట్టింది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా అలా పెడతారు.

"మేకుకు ఉరుము భయపడుతదా అవ్వా?" అని నా బిడ్డ అడిగింది.

"ఎందుకు భయపడదు? మీ అమ్మ నోరొక్కటే దేనికీ భయపడదు" అంది అత్తమ్మ. కోడి వచ్చాక ఆమె నాతో ఆడిన మొదటి పరాచికం అది.

పిల్లలు బయటికొచ్చాయి. పెట్ట వాటిని వెంటేసుకుని గంప దిగిపోయింది. గంపలో ఒక గుడ్డు మిగిలింది. అత్తమ్మ దాన్ని చెవి దగ్గర ఊపి, మురిగిందని పారేయబోయింది. నా బిడ్డ ఇవ్వలేదు. మగ్గం కింద తెగిపడిన నూలుపోగులన్నీ ఏరి, గుడ్డును అందులో చుట్టి, పొయ్యి పక్కన గూట్లో పెట్టుకుంది. బడికి పోతూ నాకు అప్పగించి పోయింది. అది కాదు కూడదంటే ఊరుకునే రకం కాదు కాబట్టి, నేనూ నవ్వుకుంటూనే మధ్య మధ్య ఆ గుడ్డును అటూ ఇటూ తిప్పాను. సాయంత్రానికి లోపల్నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు. మర్నాడు తడి పత్తి ముద్దలాంటి పిల్ల పెంకు నుంచి బయటపడింది. దాని కాళ్లకు నూలు చుట్టుకుని ఉంటే, నా బిడ్డ బడికి ఆలస్యమవుతున్నా కూర్చుని ఒక్కొక్క పోగూ విడదీసింది.

ఆ పిల్లే ఎర్ర పుంజైంది. దాని నడక చూడాలి. మెడ నిక్కించి, ఒక కాలు ఎత్తి, ఆలోచించి, ఆ తర్వాత కింద పెట్టేది. ప్రార్థన వేళ వరసల మధ్య తిరిగే వాళ్ల బడి సారు అచ్చం అట్లాగే నడుస్తాడట. అందుకని నా బిడ్డ దాన్ని సారు అని పిలిచేది. బడి నుంచి రాగానే సంచి కూడా దించకుండా "సారు తిన్నడా?" అని అడిగేది. ఒక్కోసారి నాకు కడుపు మండేది. అమ్మ తిన్నదా అని అడగదు, పుంజు తిన్నదా అని అడుగుతుంది.

పుంజుకు ఒక గుణం ఉంటుంది. నూకలు చల్లితే ముందు తాను తినదు. ఒక గింజను ముక్కుతో ఎత్తి, మళ్లీ కింద వేసి, కొక్ కొక్ కొక్ అని పెట్టలను పిలుస్తుంది. అవి పరుగెత్తి వచ్చి ఏరుకుంటుంటే పక్కన నిలబడి చుట్టూ చూస్తుంది. ఆకాశంలో గద్ద నీడ కదిలితే ముందు అరిచేదీ అదే. మధ్యాహ్నాలు బూడిద గుంటలో పొర్లి, రెక్కలు దులుపుకుని, వేళాపాళా లేకుండా కూసేది. నా బిడ్డ దాన్ని చంకలో పెట్టుకుని మగ్గం దాకా వచ్చి, వాళ్ల నాన్నకు చూపించి, "సారు ముందుగాల అందరికీ పెడుతడు, నువ్వైతే ముందుగాల నువ్వే తింటవు" అని ఎత్తిపొడిచేది. ఆయన మగ్గం ఆపి నవ్వేవాడు. అట్లా ఉండేవాళ్లం మేము.

ఆ వేసవిలో వీధి కోళ్లకు కొక్కెర రోగం వచ్చింది. మెడలు వాలేసి, పచ్చగా పారి, ఉన్నచోటే కూలిపోయాయి. మేం ముందే పశువుల దవాఖాన నుంచి చుక్కల మందు తెచ్చి వేశాం కాబట్టి మావి బతికాయి. నా బిడ్డ ఒక్కొక్కదాన్ని ఒళ్లో అదిమి పట్టుకుంటే, నేను కంట్లో చుక్క వేశాను. సారు వంతు వచ్చినప్పుడు దాని కళ్లు తన చేత్తో తెరిచి, "అయిపాయె, అయిపాయె" అని బుజ్జగించింది. ఆ కోళ్ల రోగం పోయీపోకముందే నా బిడ్డకు జ్వరం పట్టుకుంది. కోళ్ల వల్ల రాలేదని డాక్టర్లందరూ చెప్పారు. అయినా ఆ మాట మోసేవాళ్లు వీధిలో ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల నోళ్లు మూయించడం నా వల్ల కాదు.

జ్వరం తగ్గేది, మళ్లీ వచ్చేది. చిగుళ్ల నుంచి రక్తం కనబడేసరికి కర్నూలుకు పొమ్మన్నారు. అక్కడ పరీక్షలు చేసి హైదరాబాద్‌కు పంపారు. జబ్బు రక్తంలోనే ఉందన్నారు. బస్సెక్కే ముందు నా బిడ్డ అత్తమ్మకు కోళ్లను అప్పజెప్పింది. ఎండ ముదరకముందే నీళ్లు పెట్టాలని, నీళ్ల పెంకులో పాచి పడితే బూడిదతో తోమాలని, సారును మాత్రం ఎవరూ కొట్టొద్దని. "నువ్వు జల్ది రా, నువ్వే చూస్కో" అంది అత్తమ్మ. ఆ మాట అంటూనే ఇంట్లోకి వెళ్లిపోయింది, మేం బస్టాండుకు నడుస్తుంటే వాకిట్లోకి రాలేదు.

మొదటి విడత మందులు అయ్యాక కొన్నాళ్లు ఇంటికి పంపారు. పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. దుమ్ము తగలకూడదు, పచ్చివి తినకూడదు, కోళ్ల దగ్గరికీ కుక్కల దగ్గరికీ అసలు పోకూడదు. నా బిడ్డ అన్నింటికీ బుద్ధిగా తలూపి, కోళ్ల మాట దగ్గర నా ముఖం చూసింది. దారంతా మాట్లాడలేదు. ఇల్లు దగ్గరపడుతుంటే మాత్రం, "నెత్తి మీద ఎంటికలు లేవు గదమ్మా, సారు నన్ను గుర్తువడుతడా?" అని అడిగింది.

లోపలి గదిలో, పెరటి కిటికీ పక్కన మంచం వేశాం. కిటికీ అద్దం మూసే ఉంచాం. వాళ్ల నాన్న నేసిన గుడ్డ ముక్కను తలకు చుట్టుకుని, అద్దానికి ముఖం ఆనించి కూర్చుంది. "బా… బా… బా…" అని పిలిచింది. ఆ గొంతు నాకే సరిగా వినపడలేదు, అద్దం అవతలికి ఏం వినపడుతుంది? కానీ సారు వచ్చింది. తన నడకతోనే తీరిగ్గా వచ్చి, కిటికీ కింది బండ మీదికి ఎగిరి, మెడ వంచి చూసి, ముక్కుతో అద్దం మీద టక్కున కొట్టింది. నా బిడ్డ నవ్వింది. దవాఖానకు పోయిన తర్వాత దాని పళ్లు నేను చూడటం అదే మొదటిసారి. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. పుంజు కాలికి పసుపు పూసిన ఎర్ర పట్టుదారం ఉంది.

ఆ దారమేమిటో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంటికి కష్టమొస్తే, ఉన్నవాటిలో మంచి పుంజును పట్టుకుని అమ్మవారికి చూపి, కాలికి దారం కడతారు. అది మొక్కు పుంజు. ఆ తర్వాత దాన్ని అమ్మరు, ఇవ్వరు, దొంగ కూడా ముట్టుకోడు. కష్టం తీరిన రోజున గుడి ముందు కోస్తారు. ఒకదాన్ని చూపి ఇంకొకదాన్ని ఇవ్వడమనేది లేదు. మా ఆడబిడ్డ కాన్పుకు మొక్కిన పుంజును కోసినప్పుడు నా బిడ్డ అక్కడే ఉంది.

"అవ్వా, సారు కాలికి దారమేంది?"

అత్తమ్మ గడప దగ్గర బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "నీ కోసమే మొక్కిన బిడ్డా. మీరు బస్సెక్కిన్నాడే కట్టిన."

"వేరేదాన్ని మొక్కరాదా? సారునే ఎందుకు మొక్కినవ్?"

"మనకు ఏది ముద్దో గదే ఇయ్యాలె. ముద్దు లేనిదాన్ని ఇస్తె ఆ తల్లి ఎందుకు తీస్కుంటది?"

"అయితే నాకు నయమైతే దాన్ని కోస్తరు."

అత్తమ్మ చేతిలో చేట ఆగింది. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంటినిండా ఇన్ని కోళ్లుంటే ఈ ముసలిదానికి ఇదే దొరికిందా అనుకున్నాను. కానీ ఆ దారం తెంపేయమని మాత్రం నా నోట రాలేదు. నా బిడ్డ బతికితే చాలు, ఒక పుంజు కాదు, వీధిలోని పుంజులన్నీ పోయినా నాకు దిగులు లేదు. తల్లి మనసు ఎంత గొప్పదని ఎవరెవరో ఏవేవో చెబుతారు. ఆ రోజు నా మనసు మాత్రం కత్తి పట్టుకుని కూర్చుంది.

నా బిడ్డ ఆ పూట అన్నం ముట్టలేదు, ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం లేచి, మమ్మల్ని ముగ్గురినీ మంచం దగ్గరికి పిలిచింది. మా ఆయన మగ్గం దిగి వచ్చాడు.

"నాకు నయమైనా ఎవ్వరికీ చెప్పకుండ్రి" అంది. "ఎవ్వరడిగినా ఇంకా నయం కాలే అని చెప్పుండ్రి. నేను పెద్దగైనా గట్లనే చెప్పుండ్రి. గప్పుడు సారును కొయ్యరు గద."

"అమ్మోరికి తెల్వదా బిడ్డా?" అన్నాడు మా ఆయన.

"అమ్మోరు మనింటికొచ్చి నా జరం పట్టి చూస్తదా ఏంది? మీరు చెప్తెనే గద తెల్సేది."

నేను అత్తమ్మ వైపు చూశాను. శుక్రవారం ఉపవాసం తప్పని మనిషి, అమ్మవారితో అబద్ధమంటే ఏమంటుందోనని. ఆమె మంచం మీద కూర్చుని, నా బిడ్డ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "సరే. నీకు పెండ్లైనా, పిల్లలైనా, మా పిల్లకు ఇంకా జరమే తల్లీ, జర ఆగు అని చెప్త" అంది. నవ్వబోయింది, ఆమె వల్ల కాలేదు. నా బిడ్డ మా ముగ్గురి చేతా చేతిలో చెయ్యి వేయించుకుంది. తర్వాత అన్నం తింది.

మళ్లీ దవాఖాన. ఈసారి నా బిడ్డ మాట మీద నిలబడింది. డాక్టరమ్మ వచ్చి "ఎలా ఉంది ఈ రోజు?" అంటే, "ఏం మంచిగ లేదు" అని మూలిగేది. ఆమె పక్క మంచానికి పోగానే నన్ను వంగమని సైగ చేసి, చెవిలో "మంచిగనే ఉందమ్మా, ఎవ్వరికీ చెప్పకు" అనేది. నేను బయట వరండాలో డాక్టరమ్మకు అసలు సంగతి చెప్పాను. ఆమె నవ్వింది, తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంది. రక్తం ఏం చెబుతోందో ఆమెకు తెలుసు, అది నా బిడ్డ మాట వినే రకం కాదు. ఇంటికి ఫోను చేసినప్పుడల్లా మా ఆయన ఫోనును పెరట్లోకి తీసుకెళ్లేవాడు. సారు కూత వినిపించాకే నా బిడ్డ పడుకునేది.

మందులు పనిచేయడం మానేశాయి. మాట సన్నబడింది. తాగించిన నీళ్లు పెదవి పక్క నుంచి జారేవి. ఒక మధ్యాహ్నం నేను తడిగుడ్డతో దాని అరికాళ్లు తుడుస్తుంటే, కళ్లు తెరిచి వంగమని సైగ చేసింది. చెవి దగ్గర పెట్టాను. "మంచిగనే ఉందమ్మా. ఎవ్వరికీ చెప్పకు" అంది. ఆ మాట పుంజు కోసం అందో, నన్ను ఊరడించడానికి అందో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. మర్నాడు పొద్దున నా బిడ్డ పోయింది.

ఇంటికొచ్చాక నాకు చావు కన్నా కష్టమైంది ఆ పుంజును చూడటం. అది రోజూ బండ ఎక్కి కిటికీ అద్దం మీద కొట్టేది. టక్, కాసేపు ఆగి, మళ్లీ టక్. లోపల ఎవరూ లేరని దానికి ఎవరు చెప్పాలి? ఆ చప్పుడు భరించలేక కిటికీకి అట్ట కట్టాను. అట్ట మీద కూడా కొట్టింది. ఒకరోజు చీపురు విసిరాను. అది కాస్త దూరం పోయి, తిరిగి నిలబడి, నావైపు చూసి, నేల మీద గింజ లేకపోయినా కొక్ కొక్ అని పిలిచింది. నేను అక్కడే కూలబడి, పెరడంతా వినబడేలా ఏడ్చాను.

కర్మలు అయ్యాక చుట్టాల్లో ఒక పెద్దమనిషి, "పిల్లకు నయం కాలే గద, ఇగ మొక్కు లేనట్టే. కోస్కోని తిన్నా తప్పు లేదు" అన్నాడు. నా నోటి సంగతి అత్తమ్మ ముందే చెప్పింది కదా. ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. అయితే ఆ మాట అత్తమ్మలో దిగబడిపోయింది. తన మొక్కు చెల్లలేదు. ముద్దైనదాన్నే ఇస్తానన్నా ఆ తల్లి తీసుకోలేదు. ఆమె దీపం పెట్టడం మానేసింది. ఒక పొద్దున మగ్గం దగ్గరి కత్తెర తీసుకుని పెరట్లోకి వచ్చి, సారును పట్టి ఒళ్లో అదుముకుంది. దారం అప్పటికి రంగు పోయి, వదులై, ఒక్క పోగు మీద ఆగి ఉంది.

"తెంపేస్త. ఎవ్వరికన్న ఇచ్చేద్దాం. నేను దీన్ని చూడలేను" అంది.

నేను చూడగలనా? అయినా ఆ కత్తెర చూడగానే నా కాళ్లు వాటంతటవే కదిలాయి. ఆ దారం తెగితే అది వట్టి పుంజు. చుట్టాలు వచ్చినప్పుడు కూరవుతుంది, లేదంటే ఎవరి గంపలోనో పడుతుంది. ఆ కాళ్ల నుంచి నూలు విడదీస్తూ నా బిడ్డ బడికి ఆలస్యమైన పొద్దు నాకు గుర్తొచ్చింది.

"ఉండనియ్యి అత్తమ్మా" అన్నాను. "చేతిల చెయ్యేసినం గద."

ఆమె కత్తెర కింద పెట్టింది. లోపలి నుంచి మా ఆయన వచ్చాడు. చీర అంచుకు పెట్టిన ఎర్ర పట్టులోంచి ఒక బారెడు పోగు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. అత్తమ్మ లోపలికి వెళ్లి పసుపు తడుపుకుని వచ్చింది. పాత దారం తీసి కొత్తది కట్టింది. ముడి బిగుసుకుపోకుండా మధ్యలో వేలు పెట్టి చూసుకుంది.

ఇప్పుడు సారుకు వయసు మళ్లింది. కాలి వెనక ముల్లు వంకర తిరిగింది, కూత కూడా బొంగురుగా వస్తుంది. ఎండలో నీళ్ల పెంకు పక్కనే కునుకుతుంది. మా ఆయన వీధిలో పడుగు సాగదీసినప్పుడు పోగుల కింద నుంచి దూరి పోతే, ఎవరూ అదిలించరు. దారం పాతబడినప్పుడల్లా అత్తమ్మ మారుస్తుంది.

మొన్న నాటుకోళ్లు కొనే అతను ఆత్మకూరు వైపు నుంచి బండికి గంపలు కట్టుకుని వచ్చాడు. వీధికి కొత్త మనిషి. పెరటి గోడ మీదుగా చూసి, "అక్కా, ఆ ఎర్ర పుంజును ఇస్తవా? మంచి ధర ఇస్త" అన్నాడు.

"అది మొక్కుది" అన్నాను.

అతను దాని కాలు చూసి, గోడ మీద వేసిన చెయ్యి తీసేశాడు. "ఎవరికి బాగలేదక్కా?"

"మా బిడ్డకు."

"అయ్యో. ఇప్పుడెట్లుంది మరి?"

లోపల మగ్గం చప్పుడు ఆగింది. గడప దగ్గర అత్తమ్మ చేతిలో చేట ఆగింది. సారు బండ మీద నిలబడి, మెడ నిక్కించి మా వైపు చూస్తోంది.

"ఇంకా నయం కాలే తమ్ముడూ" అన్నాను.

"నయమైతది తియ్ అక్కా, పరేషాన్ గాకు" అని అతను బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. నేను గిన్నెలో నూకలు తెచ్చి సారు ముందు చల్లాను.